పొయ్యి చెక్క

మా చర్చి జూబిలీకి అచ్చువేసిన సంచికలో మా అక్క గురించి ఒక పేరా ఉంది. తండ్రి పోయిన తరువాత ఆమె ఇల్లూ భూమీ తమ్ముడికి వదిలిపెట్టి, ఆడపిల్లల హాస్టల్లో వంటకు వెళ్ళి, జీవితం సేవలో గడుపుతోందని అందులో ఉంటుంది. చదివినవాళ్ళు బాగుందన్నారు. ఆ పేరా రాసింది నేనే. హాస్టలూ వంటా నిజం. వదిలిపెట్టడం నిజం కాదు. వదులుకోవాలా వద్దా అని ఆమెను ఎవరూ అడగలేదు.

మా ఊరు అరకుకు పైన, కాఫీ తోటల మధ్య ఉంటుంది. నాన్న చర్చిలో ఉపదేశి. పాస్టరుగారు నెలకోసారి కొండెక్కి వచ్చేవారు. మిగతా ఆదివారాలు వాక్యం చెప్పడం నాన్న పని. వారంలో మిగిలిన రోజులు అందరిలాగే పొలం. పల్లంలో కొంత వరి, వాలు మీద చోడి, అంటే రాగి, ఇంటి వెనక సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకు పాకించిన మిరియాల తీగలు. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. అక్క నాకంటే బాగా పెద్దది, ఇల్లు ఆమె చేతికి వచ్చింది. నేను కిందకు దిగి సాలూరులో చదువుకున్నాను, అక్కడే టీచరునయ్యాను, అక్కడే కాపురం పెట్టాను. సెలవులకు పైకి వచ్చి నాలుగు రోజులు తిని వెళ్ళేవాణ్ణి. అక్కకు రెండు మూడు సంబంధాలు వచ్చాయి. నాన్నను ఎవరు చూస్తారని ఆమె అడిగింది. ఎవరూ జవాబు చెప్పకపోయేసరికి ఆ సంబంధాలు పోయాయి.

మా కొండ మీద భూమి పంపకం గురించి ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కొడుకులు సమంగా పంచుకుంటారు. కూతుళ్ళకు వాటా లేదు. అయితే పంచడానికి ముందే ఒక ముక్కను తీసి పక్కన పెడతారు. తల్లిదండ్రులు మంచాన పడ్డాక చివరిదాకా ఎవరి చేతి అంబలి తాగారో, ఇంటిని ఆనుకుని ఉన్న ముక్క వాళ్ళది. అది కొడుకు కావచ్చు, కూతురు కావచ్చు. మా ఎరుకలో ఒక ఇంట్లో మేనకోడలికి వచ్చింది. దాన్ని పొయ్యి చెక్క అంటారు. చెక్క అంటే మా వైపు భూమి ముక్క. దాన్ని ఎవరూ వాటా అనరు. వాటా పుట్టినందుకు వస్తుంది. పొయ్యి చెక్క వండి పెట్టినందుకు వస్తుంది. రెండింటికీ ఒకే మాట వాడితే మా పెద్దవాళ్ళు నవ్వేవారు.

పూర్వం చావు భోజనాల నాడు ఊరి పెద్ద ఆ ఇంటి పొయ్యిలోంచి బూడిద తీసుకెళ్ళి ఆ ముక్క మూలల్లో పోసేవాడట. చర్చి వచ్చాక బూడిద ఆగిపోయింది. ఆపించింది మా నాన్నే. అది పాత దేవతల పని, నోటితో చెబితే చాలదా అన్నాడట. చాలుతుందని అందరూ ఒప్పుకున్నారు. ఆనాటి నుంచి భోజనాల దగ్గర పెద్ద లేచి నిలబడి ఒక మాట చెప్పేవాడు. అదే గుర్తు.

తొంభైల మధ్యలో నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట ముద్దయిపోయింది. అక్క ఆయనను లేపడం, కడగడం, తినిపించడం, మిరియాలు కోయించడం, కాఫీ పళ్ళు ఎండబెట్టడం అన్నీ చూసుకుంది. నేను సాలూరు నుంచి మందులు పంపేవాణ్ణి. ఆయన పోయినప్పుడు అక్క పక్కన ఉంది, నేను లేను.

చావు భోజనాల నాడు నాన్న అన్నగారు, మా పెద్దయ్య, చేతికర్ర మీద ఆని లేచాడు. ఊళ్ళో అందరికంటే పెద్ద, చెవుడు బాగా ఉండేది.

"ఇంటెనక సెక్క గుంటది," అన్నాడు అక్కను చూపిస్తూ. "దాని సేతి అంబలే తాగి పోనాడు మా తమ్ముడు. ఎవులైనా కాదంటారేటి?"

ఎవరూ కాదనలేదు. నేను విస్తట్లో అన్నం కలుపుకుంటున్నాను. నేనూ కాదనలేదు.

ఆ రోజుల్లోనే ఇంటి వెనక నుంచి రోడ్డు పడింది. అరకు చూడటానికి వచ్చే జనం పెరుగుతున్నారు. కార్లు మా కాఫీ చెట్ల పక్కనుంచి పోవడం మొదలైంది. అంతవరకు పెరడులా ఉన్న ముక్కకు రోడ్డు మొహం వచ్చింది. రెండు గదులు కడితే అద్దెకు పోతాయని నా భార్య తమ్ముడు అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. అక్కకు పిల్లలు లేరు, ఆమె తరువాత ఎలాగూ మా ఇంటికే వస్తుంది, కాబట్టి ఎవరి పేరున ఉన్నా ఒకటేనని అనుకున్నాను. ఒకటే అయితే ఆమె పేరునే ఉండవచ్చు కదా అన్న ఆలోచన రాలేదు.

రికార్డుల్లో నాన్న పేరు తీసి వారసుల పేరు ఎక్కించడానికి ఎమ్మార్వో జీపులో పైకి వచ్చారు. మైదానం మనిషి, మర్యాదస్తుడు. మా అరుగు మీద కుర్చీ వేశాం. పెద్దయ్యా, ఊరివాళ్ళు కొందరూ కింద కూర్చున్నారు. అక్క లోపల పొయ్యి దగ్గర అందరికీ టీ కాస్తోంది.

"గిరిజనులకి హిందూ వారసత్వ చట్టం వర్తించదు మాస్టారూ," అన్నారాయన నాతో. "మీరు చర్చికి వెళ్ళినా సరే, మీ తెగ ఆచారమే చూస్తాం. ఆచారం ఏమిటో పెద్దలు చెప్పాలి. ఆడపిల్లలకి భూమిలో వాటా ఉందా?"

ఆయన పుస్తకాల తెలుగు పెద్దయ్యకు సరిగా అందలేదు. నేను ఆయన చెవి దగ్గర వంగి అడిగాను. "ఆడగుంటలకి వాటా ఉందా అని అడుగుతున్నారు పెద్దయ్యా."

పెద్దయ్య నావైపు వింతగా చూశాడు. తెలిసిన సంగతి ఎందుకు అడుగుతున్నానని ఆయన అనుమానం.

"వాటా ఏటి, నేదు బాబూ. ఆడగుంటకి వాటా ఎక్కడిది?" అని అధికారి వైపు తిరిగి గట్టిగా చెప్పాడు. కొంచెం ఆగి, "కానైతే బాబూ, పొయ్యి..." అంటూ కర్రతో ఇంటి లోపలికి చూపించాడు.

"పొయ్యి ఏమిటి?" అన్నారు ఎమ్మార్వో.

ఆయన అడిగింది నన్ను. నేను చెప్పాను. "టీ గురించండీ. పొయ్యి మీద ఉంది, అయిపోవచ్చింది అంటున్నాడు."

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో సంగతి తెలిసినవాళ్ళు ఉన్నారు. మాస్టారు అధికారితో ఏదో మాట్లాడుతున్నాడు, తరువాత చూసుకుంటాడులే అనుకుని ఉంటారు. ఎమ్మార్వో తలూపి, ఆచారం ప్రకారం ఆడపిల్లలకు వాటా లేదని రాసుకున్నారు. అదే సమయానికి అక్క టీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని బయటకు వచ్చింది. మొదటి గ్లాసు ఎమ్మార్వోగారికి, రెండోది నాకు.

భూమి మొత్తం నా పేరున వచ్చింది. కొన్నాళ్ళకు గదుల సంగతి అక్కతో చెప్పాను. ఆమె చేటలో చోళ్ళు చెరుగుతోంది.

"పొయ్యి సెక్కలోనా?" అంది.

"రికార్డులో అలాంటి పేరు లేదే అక్కా."

"నువ్వు సెప్పలేదేటి?"

"వాటా ఉందా అని అడిగారు. లేదన్నాం. పెద్దయ్యే చెప్పాడు."

చేట చేతిలో ఆగింది.

"నిజమే," అంది. "వాటా నేదు. అబద్దం ఆడనేదు నువ్వు."

ఆ నెలలోనే ఆమె రెండు చీరలూ, అంబలి కాచే గిన్నే పట్టుకుని టైడా వైపు, రైలు లైను పక్కన ఉన్న మిషన్ హాస్టల్లో వంటకు కుదిరింది. నేను గదులు కట్టలేదు. అక్క లేని ఇంట్లో పనులు చూసే మనిషి దొరకలేదు. కాఫీ ముక్కను కౌలుకిచ్చాను. పెద్దయ్య మరుసటి వర్షాకాలంలో పోయాడు. పోయేలోపు రెండుసార్లు నన్ను అడిగాడు, గుంట ఎందుకు వెళ్ళిపోయిందిరా అని. చెవుడు కదా, గట్టిగా చెప్పాల్సి వస్తుందని నేను జవాబు చెప్పలేదు.

కొన్నేళ్ళ తరువాత హాస్టలుకు కొత్త భోజనశాల కట్టారు. దానికి సాయం చేసిన కొరియా చర్చి వాళ్ళు చూడటానికి వచ్చారు. జూన్‌లో, బళ్ళు తెరిచిన కొత్తలో. వాళ్ళలో ఒకావిడకు కొంచెం ఇంగ్లీషు వచ్చు. నాకూ వచ్చని పిలిచారు. ఆరాధన అయ్యాక ఆవిడ తిన్నగా వంటగదిలోకి వచ్చేసి, అక్క పక్కన పీట మీద కూర్చుని పనస తొనలు ఒలవడం మొదలుపెట్టింది. వయసులో ఇద్దరూ ఒక ఈడు వాళ్ళే. నేను మధ్యలో నిలబడి మాటలు అటూ ఇటూ చేరవేస్తున్నాను.

మాటలు పిల్లల మీది నుంచి తల్లిదండ్రుల మీదికి వెళ్ళాయి. తన తండ్రి పోయాడని, ఆస్తి పంపకం జరిగిందని చెప్పి ఆవిడ పళ్ళెంలో తొనలు పేర్చింది. భార్యకు ఒకటిన్నర, పిల్లలకు ఒక్కొక్కటి, మగైనా ఆడైనా. ఇది ఇప్పటి చట్టం అంది. తరువాత ఒక తొనను గోటితో చీల్చి పావు ముక్క తీసి అక్క ముందు పెట్టింది. ఇదివరకు పెళ్ళయిన కూతురికి ఇంతే, కొడుకు భాగంలో పావు. ఆ చట్టం మారింది. వంశం మొత్తానికి ఉమ్మడిగా ఉండే భూములుంటాయట, పితరుల సమాధులున్న కొండలు. వాటిలో ఆడవాళ్ళు లెక్కలోకి రారనేది పాత ఆచారం. ఈమధ్యనే పెద్ద కోర్టు ఆ ఆచారం చెల్లదందట.

"అయితే ఈవిడికి సమానంగా వచ్చిందా?" అని అక్క అడిగింది.

నేను అడిగాను. ఆవిడ నవ్వి, వేలు మడిచి పళ్ళెం మీద ఒక ముద్ర గుద్దినట్టు చేసింది. వాళ్ళ దేశంలో సంతకం బదులు ఎర్ర సిరాతో ముద్ర వేస్తారట. అన్నదమ్ములు కాగితం తెచ్చి, ఇక్కడ ముద్ర వెయ్యి అక్కా అన్నారు. ఏమిటని అడగకుండా వేసిందట. చట్టం ఇచ్చినదాన్ని తన చేత్తోనే తీసేశారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు అంది.

ఇదంతా నేను అక్కకు సరిగ్గానే చెప్పాను. ముద్రను వేలిముద్ర అన్నాను, అంతే తేడా. అప్పుడు ఆవిడ అక్క వైపు తిరిగి, మీ నాన్నగారి భూమి ఎవరికి వచ్చింది అని అడిగింది.

"నాన్న ఏం పని చేసేవారని అడుగుతోంది," అన్నాను అక్కతో.

అక్క తొనలోంచి గింజ తీస్తూ తలెత్తింది.

"ల్యాండ్ అంది కదరా," అంది. "ఇన్నేళ్ళుగా దొరలొస్తన్నారు, దొరసాన్లొస్తన్నారు. ల్యాండంటే నాకు తెల్దేటి?"

అక్క ఆవిడ మోకాలి మీద తట్టి, పనస జిగురు అంటిన వేలితో నన్ను చూపించింది.

"బ్రదర్," అంది.

కొరియావిడ నన్ను చూసింది. తరువాత పడీ పడీ నవ్వింది. "సేమ్, సేమ్," అంటూ అక్క భుజం మీద చెయ్యి వేసింది. అక్క కూడా నవ్వింది. వాళ్ళిద్దరూ ఆ తరువాత నా అవసరం లేకుండానే చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఇంత జరిగాక కూడా, మరుసటి ఏడు జూబిలీ సంచికకు ఆ పేరా రాశాను. అడిగారు, రాశాను. "వదిలిపెట్టి" అన్న మాట దగ్గర కలం ఆగిన గుర్తు కూడా లేదు.

నన్ను కదిలించింది వేరే సంగతి. మా పక్క ఊళ్ళో ఒక ముసలామె పోయింది. చివరిదాకా చూసుకున్నది ఆఖరి కూతురు. పెళ్ళి కాలేదు. ఇంటిని ఆనుకున్న ముక్క తనదని ఆ అమ్మాయి అంది. అన్నలు కాదన్నారు. ఊరి పెద్దలు కూర్చున్నారు. అన్నలు నన్ను సాక్ష్యానికి పిలిచారు. మాస్టారు ఎమ్మార్వో ముందు చెప్పిందే రూలు, ఆయన్నే అడగండి అన్నారట. నా ఒక్క ఇంటి కోసం చెప్పిన మాట కొండ మీద రూలైందని నాకు అప్పుడు తెలిసింది. ఆ మాట పట్టుకుని మరో రెండు ఇళ్ళలో కూడా పంపకాలు జరిగాయట.

వెళ్ళాను. పొయ్యి చెక్క ఉందని, అది వాటా కాదని, వాటాకు ముందే తీసి పెట్టేదని, ఆనాడు నేను దాన్ని దాచానని చెప్పాను. పెద్దలంటే ఇప్పుడు నా ఈడు వాళ్ళే. ఒకరిద్దరు నాకంటే చిన్నవాళ్ళు, నా దగ్గర చదువుకున్నవాళ్ళు. వాళ్ళు మొహాలు చూసుకున్నారు.

"మాస్టారూ," అన్నాడు ఒకడు. "అప్పుడు ఎమ్మార్వో దగ్గర నేదన్నారు. ఇప్పుడు ఉందంటన్నారు. ఆచారం ఊరిదా, మీ నోటిదా?"

"మీ తాతని అడిగితే చెప్పేవాడురా."

"తాత పోయి పదేళ్ళయింది. రమ్మంటారేటి?"

అందరూ నవ్వారు. ఇంకొకతను, మంచివాడే, నెమ్మదిగా అన్నాడు. "ఉండేదేమో మాస్టారూ. మా అమ్మ ఎప్పుడో అనీది. కానైతే గుర్తేటి? బూడిద పొయ్యడం నేదు కదా ఇప్పుడు. దేన్ని సూసి నమ్మమంటారు?"

బూడిద వద్దన్నది మా నాన్న. నోటి మాట చాలుతుందన్నదీ ఆయనే. ఆ మాట నిలబెట్టాల్సిన నోరు నాది. ఆ అమ్మాయికి ఆ ఏటి పంట తీసుకోమన్నారు. భూమి అన్నలకు వెళ్ళింది.

తరువాతి సెలవుల్లో హాస్టలుకు వెళ్తే ఆ అమ్మాయి అక్కడ గంగాళం తోముతోంది.

"నీ రూలు పుణ్యమా అని నాకు ఎసరు నీళ్ళు మోసీ మనిసి దొరికింది," అంది అక్క. "ఇంకో ఇద్దర్ని పంపరా, పప్పు రుబ్బడానికి."

నేను వచ్చిన పని చెప్పాను. ఆ ముక్కను ఆమె పేరున రాయిస్తానన్నాను. దస్తావేజులు రాసే అతన్ని ముందే అడిగాను. నా పేరున ఉన్నది అక్కకు వెళ్ళాలంటే దానపత్రం ఒక్కటే సులువైన దారి అన్నాడు.

"దానం అని రాసీస్తావేటి?"

"కాగితం మీద అలా రాస్తారే. మాటదేముంది?"

"మాటదేముందా?" అక్క గరిటె పక్కన పెట్టింది. "మాటతోనే కదరా పోయింది. నాది నాకు దానం సేత్తావేటి? రేపు ఈ గుంట అన్నలు ఏటంటారు? మాస్టారు జాలిపడి వోళ్ళ అక్కకి ఇచ్చీసినాడంటారు. అప్పుడింక పొయ్యి సెక్కన్నదే నేదు. ఉన్నది నీ జాలే."

ఆమె చెప్పింది నాకు వెంటనే తలకెక్కింది. అన్నేళ్ళు బళ్ళో మాటలకు అర్థాలు చెప్పినవాణ్ణి, నాకు ముందు తట్టలేదు.

"మరేం చెయ్యమంటావు?"

"ముందు సెప్పు. అది ఉందని, నాదని."

"పెద్దల ముందు చెప్పాను కదా. నవ్వారు."

"అక్కడ నోటితో సెప్పినావు. ఎమ్మార్వో దగ్గర రాయించినావు. పుస్తకంలో అచ్చేయించినావు. అచ్చేసిందాన్ని నోటితో సెరిపితే పోద్దేటి? రాసే సెరుపు. కాయితం సంగతి తరవాత."

అందుకని రాశాను. మా కొండ మీద పొయ్యి చెక్క అనేది ఉంది. అది కూతురికీ వస్తుంది. మా ఇంటి వెనక రోడ్డు మొహంగా ఉన్న కాఫీ ముక్క మా అక్కది. చావు భోజనాల నాడు మా పెద్దయ్య లేచి అందరి ముందూ చెప్పాడు, ఎవరూ కాదనలేదు. ఎమ్మార్వో ముందు ఆయన ఆ మాటే చెప్పబోతే నేను టీ అని తిప్పాను. ఆమె దాన్ని ఎవరికీ వదిలిపెట్టలేదు. నేను ఇచ్చేదీ ఏమీ లేదు.

పోయిన ఆదివారం ఇది తీసుకెళ్ళి హాస్టలు వంటగదిలో అక్కకు చదివి వినిపించాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింది. ఆ అమ్మాయి కూడా గుమ్మం దగ్గర నిలబడి వింది. చదవడం అయ్యాక అక్క బియ్యం పక్కన పెట్టింది.

"అంబలి అని రాసినావు," అంది. "పెద్దయ్య అన్నాడని రాసినావు, అదలాగే ఉంచు. కానైతే ఆకరి నెలల్లో అయ్యకి అంబలి దిగేది కాదురా. గంజి పోసినాను. అదీ సెంచాతో. నువ్వు నేవు కదా, నీకు తెల్దు. అది రాయి."

"రాస్తాను. మరి దస్తావేజు?"

"ముందు గంజి రాయి," అంది.

గంజి. చెంచాతో.